మన పడవకి పందిరి గుడ్డ

మోపిదేవి,
వైశాఖ బహుళంలో ఒక ఆదివారం

ఒరేయ్,

నీ ఉత్తరం అందింది. దసరాకి వచ్చేటప్పుడు పడవకి పందిరి గుడ్డ అక్కడే కొని తెస్తానన్నావు. రంగు చెప్పు, కొలత చెప్పు అన్నావు. రెండూ రాస్తాను గానీ చివర్న. ముందు ఆ పందిరి కింద ఎవరు కూర్చుంటారో, దాని మీద ఏ గాలి వీస్తుందో రాయాలి. నువ్వు అమెరికాలో షార్లెట్ దగ్గర సరస్సులో చూసే పడవల్లోకి జనం ఎండ కోసం ఎక్కుతారు. మన పడవలోకి ఎండ తప్పక ఎక్కుతారు.

పులిగడ్డకీ పెనుమూడికీ మధ్య వంతెన వచ్చాక అవతలి ఒడ్డుకి పడవ మీద పోయే పని తప్పింది. ఏటి నడుమ ఉన్న లంకకి మాత్రం వంతెన లేదు. పసుపు, అరటి, కంద, మొక్కజొన్న అన్నీ అక్కడే. పొద్దున్న చల్లబాటున పోయే ట్రిప్పుతో ఇబ్బంది లేదు. పని దిగి ఒంటిగంటకి ఇంటికొచ్చే ట్రిప్పుతోనే బాధంతా. పది పన్నెండు మంది ఆడవాళ్ళు, నెత్తిన తువ్వాళ్ళు, ఒడిలో ఖాళీ క్యారేజీలు. పైన రోహిణి ఎండ, కింద నీళ్ళ మీంచి మొహంలోకి ఎగదన్నే వెలుగు. పడవ నిండేదాకా రేవులో కూర్చోవాలి. తర్వాత ఇసక మేట చుట్టూ పాయ పట్టుకుని తిరిగి రావాలి. పోయిన ఏడు ఒకావిడ నడి ఏట్లో వడదెబ్బకి అలాగే ఒరిగిపోయింది. ఒడ్డుకి చేర్చి, చెట్టు కింద పడుకోబెట్టి, చీర తడిపి చుట్టి, ఆటోలో అవనిగడ్డ పంపాం. దేవుడి దయ వల్ల దక్కింది. అప్పట్నుంచీ నా మనసంతా ఈ పందిరి మీదే ఉంది.

గొడుగులున్నాయిగా అని నీకు అనిపించవచ్చు. గొడుగు విప్పితే ఊచ పక్కామె కంటి దగ్గరకి వస్తుంది. గాలి కాస్త గట్టిగా కొట్టిందంటే గొడుగు పట్టుకున్న మనిషి దాన్ని ఆపలేక లేచి నిలబడుతుంది. చిన్న పడవలో మనిషి ఉన్నట్టుండి లేవడానికి మించిన ప్రమాదం లేదు.

పందిరి వేద్దాం అనగానే అందరూ ఎండ గురించే మాట్లాడారు. ఎంత మందం ఉండాలి, ఎంత చల్లగా ఉండాలి అని. నా మాట ఒక్కటే: ఎండని ఏ గుడ్డైనా ఆపుతుంది, కాబట్టి ముందు గాలి సంగతి తేల్చుకోవాలి. మన గాలులు నీకు తెలియనివి కావు. పొద్దెక్కాక పడమటి నుంచి వడగాలి, మధ్యాహ్నం తిరిగాక సముద్రం మీంచి పైరగాలి. ఈ రెంటితో పేచీ లేదు. చైత్ర వైశాఖాల్లో సాయంత్రంపూట నల్లగా కమ్ముకొచ్చే గాలివానతోనే పేచీ. ముందు ఆకు కదలదు. ఆ తర్వాత ఇసక లేపుకుంటూ ఒక్క దెబ్బగా వచ్చి మీద పడుతుంది. ఒడ్డు పట్టే వ్యవధి ఇవ్వదు.

లెక్క వేసి చూశాను. గాలి గంటకి 60 కిలోమీటర్ల వేగంతో వస్తే, దానికి అడ్డం నిలిచిన ప్రతి చదరపు మీటరునీ సుమారు 17 కిలోల బరువుతో నెడుతుంది. వేగం రెట్టింపైతే ఆ నెట్టుడు నాలుగింతలవుతుంది. మన పడవ పొడవు 24 అడుగులు, నడుమ దగ్గర వెడల్పు 6 అడుగులు. 12 అడుగుల పొడవు, 7 అడుగుల వెడల్పు పందిరి అనుకో, 8 చదరపు మీటర్లకి కాస్త తక్కువ. గాలి దాని కింద దూరి ఎత్తిందంటే 130 కిలోల బలం. అదీ పడవ అడుగున కాదు, కూర్చున్నవాళ్ళ తలల పైన. వాన పడి గుడ్డ నడుమ గుంట కట్టినా అంతే. 2 సెంటీమీటర్ల లోతు నీళ్ళు నిలిస్తే చదరపు మీటరుకి 20 కిలోలు. అంత బరువు నెత్తి మీద పెట్టుకున్న పడవ ఒక పక్కకి ఒరిగితే, నీళ్ళన్నీ ఆ పక్కకే జారి ఇంకా ఒరగదీస్తాయి. 1977 నవంబరు 19 ఉప్పెన చూసిన సీమ మనది. గాలి అంటే ఏమిటో ఇక్కడ ఎవరికీ చెప్పక్కర్లేదు. అయినా నీడ కోసం వెతుక్కునే వేళ గాలి గుర్తుకు రాదు. నాకు అదే భయం.

ఇంకో భయం కూడా ఉంది. 2017 నవంబరు 12న విజయవాడకి ఎగువన పవిత్ర సంగమం దగ్గర పడవ తిరగబడి 20 మందికి పైగా పోయారు కదా. అక్కడి కారణాలు వేరు. కానీ ఆ వార్త చదివిన దగ్గర్నుంచీ ఏ పడవ చూసినా, ఇది తిరగబడితే లోపలివాళ్ళు ఎటు నుంచి బయటపడతారు అనే చూస్తున్నాను. గట్టిగా బిగించిన పైకప్పు, ముడేసిన పక్క పరదాలు ఉంటే నీళ్ళలో పడ్డ మనిషి వాటికే చిక్కుకుంటుంది. అందుకని మన పందిరికి పక్కలు ముయ్యడానికి నేను ఒప్పుకోను. ఎండ ఏటవాలుగా కొట్టినా సరే, చేప వల లాంటిది కాస్త కిందికి వేలాడితే చాలు, అదీ కింద ముడి లేకుండా.

ఇక గుడ్డలు. అవనిగడ్డలో లారీ బరకాలు, షామియానాలు కుట్టే టైలరు ఒకాయన ఉన్నాడు. ఆయన దగ్గర కూర్చుని ఒక్కొక్కటీ పట్టి చూశాను.

ఫ్లెక్సీ ఊరకే దొరుకుతుంది, అందుకే అందరూ అదే అంటారు. ప్లాస్టిక్ పూసిన పాలియెస్టర్ అల్లిక అది. పిసరంత గాలి కూడా పోదు. కింద వేడి అలాగే నిలబడిపోతుంది. ఎండకి మొదట మెత్తబడి, తర్వాత పెళుసెక్కి మడతల దగ్గర చిట్లుతుంది. దాని మాట వదిలేశాం.

నీలం బరకం ధాన్యం రాశి మీద కప్పడానికి మంచిదే. రాత్రి వానకి కప్పి పొద్దున్న తీసెయ్యడానికి పుట్టింది అది. రోజంతా ఎండలో బిగించి ఉంచితే అతినీలలోహిత కిరణాలు ఆ పాలిథిన్‌ని లోపల్నుంచి తినేస్తాయి. రెండో వేసవికి చేత్తో నలిపితే పొట్టు రాలుతుంది. ఆ పొట్టంతా ఏట్లోకే పోతుంది, చేపల కడుపుల్లోకి పోతుంది. పైగా గాలికి టపటపా కొట్టుకుంటుంటే వెనక అమరంలో ఉన్న సరంగుకి ముందు అణియంలో మనిషి వేసే కేక వినపడదు. నాకు ఇది చిన్న విషయం కాదు. ఏట్లో మాట వినపడాలి.

కాన్వాసు దగ్గర మాత్రం చాలాసేపు ఆగాను. నూలు కాన్వాసు కింద కూర్చుంటే ఉండే చల్లదనం ఏ ప్లాస్టిక్ కిందా ఉండదు. అది గాలి పీల్చి వదులుతుంది. తడిస్తే పోగులు ఉబ్బి సందులు మూసుకుంటాయి, కాబట్టి ఏ పూతా లేకుండానే వాన చాలావరకు ఆగుతుంది. కుట్టు కూడా నూలు దారమే అయితే సూది బెజ్జాలు సైతం మూసుకుపోతాయి. మన సరంగు తాత తెరచాప వేసిన మనిషి. నూలు చాపలూ వలలూ కుళ్ళకుండా తుమ్మచెక్క కాచిన నీళ్ళలో నానబెట్టి ఆరేసేవాళ్ళమని ఆయన చెప్పేవాడట. ఆ చెక్కలోని వగరు పోగులోకి ఇంకి బూజుని దగ్గరకి రానివ్వదు. నైలాను వచ్చాక ఆ కాగులు పోయాయి.

అయితే కాన్వాసుకి రెండు తగులాటాలు. తడిసిన కాన్వాసు బరువు మోయలేం. శ్రావణ భాద్రపదాల్లో వారం పది రోజులు ముసురు పట్టిందంటే మడతల్లో నల్ల చుక్కలు లేస్తాయి. రెండోది టైలరు చూపించాడు. ఎండినప్పుడు బిగించి కట్టిన కాన్వాసు, రాత్రి మంచుకి తడిసి ముడుచుకుని, తన రింగుల్ని తానే పీకేసుకుంది. మూలనున్న రింగు చుట్టూ పోగులు కోసినట్టు తెగి ఉన్నాయి. రోజూ సాయంత్రం తాళ్ళు వదులు చేసి, పొద్దున్న బిగించే ఓపికున్న మనిషికి కాన్వాసే సరైనది. మన పడవ ఒకరిది కాదు. లంకలో పొలాలున్న వాళ్ళందరిదీ. అలాంటి ఓపిక ఉమ్మడి పడవలో నిలవదు.

పచ్చ వల గురించి నువ్వు రాయలేదు. కడియం నర్సరీల్లో మైళ్ళకొద్దీ కనిపించే వల అదే. 50, 75, 90 అని శాతాల్లో దొరుకుతుంది, ఎంత నీడ ఇస్తుందో ఆ అంకె చెబుతుంది. పట్టీ లాంటి పోగుతో అల్లినవి కొన్ని, గుండ్రటి పోగుతో అల్లినవి కొన్ని. గుండ్రటి పోగుది ఎక్కువ కాలం వస్తుంది, సాగడం కూడా తక్కువ. అన్నిటికన్నా ముఖ్యం, గాలి దాంట్లోంచి దూరిపోతుంది. గాలివాన వచ్చినా పూర్తి గుడ్డని పట్టినట్టు పట్టి లాగదు. నీళ్ళు నిలవ్వు. వాన ఆగదు కదా అని మనవాళ్ళు అన్నారు. వానలో పడవ తియ్యకూడదు, అది వేరే సంగతి. రేవులో ఆగాలి. పడవ మీద వాన ఆపే పైకప్పు ఉందంటే వానలో కూడా పోదాంలే అనే ధైర్యం వస్తుంది, ఆ ధైర్యం రాకపోవడమే మంచిదని నా అభిప్రాయం. వలతో ఇబ్బంది నడి నెత్తి మీద సూర్యుడున్నప్పుడే. 75 శాతం వల కింద కూడా నాలుగోవంతు ఎండ దిగుతుంది. ఒంటిగంట ఎండలో ఆ నాలుగోవంతే మనిషిని పడేస్తుంది.

ఇప్పుడు నీ యాక్రిలిక్. నువ్వు పంపిన ముక్కని టైలరు చేతికిచ్చాను. ఆయన ముందు దాన్ని మూలల నుంచి ఏటవాలుగా లాగాడు. కాస్త సాగి వెనక్కి వచ్చింది. కత్తెరతో అంచు కోసి, పోగు ఒకటి పీకి, గోటితో చీల్చి వెలుతురులో పెట్టి చూశాడు. "లోపల కూడా ఇదే రంగుంది మాస్టారూ" అన్నాడు. అసలు గుట్టు అదే కదా. మామూలు గుడ్డకి నేసిన తర్వాత రంగు ఎక్కిస్తారు, రంగు పోగు పైపైన ఉంటుంది, ఎండ దాన్ని గీకేస్తుంది. ఇందులో దారం తీయడానికి ముందే, ముద్దగా ఉన్నప్పుడే రంగు కలుపుతారు. అందుకే ఏళ్ళ తరబడి ఎండలో ఉన్నా వెలవదు. మీ ఉత్తర కరోలినాలోనే గ్లెన్ రావెన్ కంపెనీ వాళ్ళు 1961లో సన్‌బ్రెల్లా పేరుతో దీన్ని తెచ్చారు. అప్పటిదాకా అక్కడ కూడా షాపుల ముందు చూరులకీ పడవలకీ నూలు కాన్వాసే వాడేవారు. మన బాధే వాళ్ళదీ అన్నమాట, బూజూ వెలిసిపోవడమూ.

చదరపు మీటరుకి 300 గ్రాములకి కాస్త పైన బరువు. గాలి పీలుస్తుంది. పైనున్న పూత వల్ల వాన బొట్లు జారిపోతాయి, పూత కొన్నేళ్ళకి పోతే మళ్ళీ పట్టించుకోవచ్చు. నూలు కాదు కాబట్టి బూజు దాన్ని తినలేదు. కానీ దుమ్మూ ధూళీ పేరుకుంటే వాటి మీద బూజు మొలుస్తుంది, అప్పుడప్పుడూ మంచినీళ్ళతో కడగాలి. కిందికి పోతే ఉప్పునీళ్ళు తగులుతాయి కనక మనకి ఇది మరీ అవసరం. దాని బలహీనత ఒరిపిడి. పైపు అంచుకి రోజూ రాసుకుంటే పాలియెస్టర్ కంటే ముందే అరుగుతుంది. రాసుకునే చోటల్లా లోపల్నుంచి ఇంకో పొర వేసి కుట్టాలి. ధర సంగతి నీకే తెలుసు, మన బరకానికి ఎన్నో రెట్లు. కానీ ఎన్ని వేసవులు వస్తుందో చూసుకుంటే ఖరీదనిపించదు.

అంత మంచి గుడ్డ కూడా గాలి దగ్గరకి వచ్చేసరికి గుడ్డే. పడవంతా దాంతో కప్పితే నేను ముందు చెప్పిన 130 కిలోలు అలాగే ఉంటాయి.

అందుకని నేను అనుకున్నది ఇది. నడుమన పొడుగూతా నీ యాక్రిలిక్, రెండు అంచులా పచ్చ వల. మన ఊరు ఇంచుమించు 16 డిగ్రీల ఉత్తరాన ఉంది. మే మొదటి వారంలో ఒకసారి, ఆగస్టు రెండో వారం మొదట్లో ఇంకోసారి మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడి నెత్తికి వస్తాడు, నీడ కాళ్ళ కిందే పడుతుంది. ఒంటిగంటకి పడమటికి కొద్దిగా వాలతాడు, అంతే. కాబట్టి అసలు ఎండ దిగేది నడుమనే, అక్కడ పూర్తి గుడ్డ కావాలి. సాయంత్రం ట్రిప్పుకి ఎండ పక్కనుంచి వస్తుంది, దానికి వల చాలు. గుడ్డ కింద దూరిన గాలి అంచుల్లో ఉన్న వలలోంచి బయటపడుతుంది. గట్టిగా పట్టే మేర 5 అడుగుల వెడల్పుకి తగ్గింది కనక బలం 130 నుంచి దాదాపు 95 కిలోలకి దిగింది. వల కూడా కొంత ఆపుతుంది, నేను కాదనను, కానీ గుడ్డ ఆపినంత కాదు. టైలరు దీనికి ఒప్పుకున్నాడు. వలనీ గుడ్డనీ కలిపి కుట్టొద్దన్నాడు, రెండూ వేర్వేరుగా సాగుతాయట. మధ్యలో నాడా పెట్టి తాడుతో అల్లుదామన్నాడు. వల చిరిగితే దాన్నొక్కటే మార్చుకోవచ్చు.

ఇంకో లాభం కూడా ఉంది. నీ గుడ్డ 60 అంగుళాల పన్నాలో దొరుకుతుందన్నావు. అదే 5 అడుగులు. పొడుగూతా అతుకు లేకుండా ఒక్క ముక్కతో అయిపోతుంది. అతుకు లేని చోట కారదు, చిరగదు.

అతుకు అన్నాను కనక దారం గురించి చెప్పాలి. ఆ టైలరు దగ్గర పాత షామియానా ఒకటి మడతపెట్టి ఉంది. దాని అంచు కుట్టు మీద బొటనవేలి గోరు పెట్టి జర్రున లాగాడు. దారం దుమ్ములా రాలింది. గుడ్డ మాత్రం గట్టిగానే ఉంది. "గుడ్డ చావదు మాస్టారూ, దారం చస్తుంది. గాలికి చిరిగింది అంటారు గానీ చూస్తే కుట్టు ఊడిందే ఎక్కువ" అన్నాడు. ఎండంతా పడేది కుట్టు మీదే కదా, పోగు సన్నం, పైకి తేలి ఉంటుంది. నూలు దారం కుళ్ళుతుంది. నైలాను దారం బలమైనదే గానీ ఎండకి తొందరగా నీరసిస్తుంది. పడవ గుడ్డలకి వాడే పాలియెస్టర్ దారం, 92 నంబరుది, నాలుగైదు వేసవులు ఆగుతుంది. టెనారా అని ఇంకో రకం దారం ఉంది, ఎండ దాన్ని ఏమీ చెయ్యలేదు. కానీ జారుడు ఎక్కువ, ఆయన మిషను మీద బిగువు కుదరదు. కాబట్టి పాలియెస్టర్‌దే తీసుకో. మూడు నాలుగేళ్ళకి ఒకసారి మళ్ళీ కుట్టు వేయించుకుంటాం. గుడ్డ ఉండగానే కుట్టు మార్చుకునే అలవాటు రేవులో రావాలి.

చట్రానికి మన వెదురు దబ్బలే బాగుంటాయని నాకు మొదట్లో ముచ్చటగా ఉండేది. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయ్యాక తవ్విన కాలవల మీద, లాకులు దాటుకుంటూ బందరు దాకా తిరిగిన పడవలకి వెదురు తడికల గూళ్ళే ఉండేవని పెద్దవాళ్ళు చెప్పగా విన్నాం. కాలవలో గట్టు చేతికందేంత దూరంలో ఉంటుంది. ఏట్లో అలా కాదు, గూడు తీసెయ్యడానికి వీలుండాలి. రెయిలింగులు చేసే షాపులో 304 రకం స్టీలు పైపు వంచి మూడు కమానులు చేయిస్తున్నాను. ఇనప పైపు అయితే కోసిన చోట తుప్పు పట్టి గుడ్డ మీద మరకలు వేస్తుంది. కమాను వంపు ఉంటే నీళ్ళు నిలవ్వు. రింగులు ఇత్తడివి, ఇక్కడే దొరుకుతాయి.

ఎత్తు విషయంలో పెద్ద చర్చే జరిగింది. సరంగు అమరంలో బల్ల మీద నిలబడి చుక్కాని పడతాడు. పందిరి అతని గుండె కంటే పైకి వస్తే ముందున్న ఇసక మేట కనపడదు. ఆడవాళ్ళేమో మరీ దించొద్దు, ఊపిరాడదు అన్నారు. కూర్చుని చూపించమన్నాను. బల్ల మీద కూర్చున్న మనిషి నెత్తి పడవ అడుగు నుంచి 4 అడుగుల లోపే ఉంది. పందిరి 4 అడుగుల 9 అంగుళాల దగ్గర పెడితే ఇద్దరికీ సరిపోయింది. వాళ్ళలో పెద్దావిడ ఒక్క మాట అడిగింది. మంచినీళ్ళ బిందె ఎప్పుడూ అణియంలో ఎండలో ఉంటుంది, దాని మీద కూడా నీడ పడాలి అని. మగవాళ్ళం ఇంతమందిమి ఇన్ని లెక్కలు వేశాం, ఒక్కరికీ తోచలేదు. పందిరిని అడుగున్నర ముందుకి జరిపాం.

ముళ్ళు సరంగు వేస్తాడు. అన్నీ జారుముళ్ళే. తోక పట్టి ఒక్క లాగు లాగితే ఊడి రావాలి, గుడ్డ అమరం వైపు చుట్ట చుట్టుకుపోవాలి. నల్లమబ్బు కనపడగానే తీసెయ్యాలి, గాలి వచ్చాక కాదు. అరటి గెలలు ఎక్కించేటప్పుడు కూడా అదే పద్ధతి. రేవులో పడవ కట్టి పాత దుప్పటితో అలవాటు చేయిస్తున్నాను. ఆడవాళ్ళు కూడా ముడి విప్పడం నేర్చుకున్నారు.

రంగు దగ్గరకి వచ్చాను. తెలుపు చల్లగా ఉంటుందని నువ్వు రాశావు. నేల మీద అయితే నిజమే. నీళ్ళ మీద ఎండ పైనుంచి ఒకసారి, కిందనుంచి ఒకసారి వస్తుంది. నీళ్ళ మీంచి లేచిన వెలుగు తెల్ల గుడ్డ అడుగుకి తగిలి మళ్ళీ కళ్ళలోకే దిగుతుంది. అందుకని పందిరి అడుగు భాగం ముదురు రంగులో ఉండాలి. ముదురు గుడ్డ వేడెక్కుతుంది గానీ, పక్కలు తెరిచి ఉంటే ఆ వేడిని గాలి ఎత్తుకుపోతుంది.

ఈ రంగుల ఆలోచనలో పడి బెర్నియే రాసింది గుర్తుచేసుకున్నాను. 1660లలో ఔరంగజేబు కాశ్మీరు ప్రయాణంలో వెంట ఉన్న ఫ్రెంచి వైద్యుడు. చక్రవర్తి డేరా బయట ఎర్రగా ఉండేదనీ, లోపలి అస్తరు మచిలీపట్నంలో పనిగట్టుకుని చేయించిన పూల అద్దకం గుడ్డనీ, ఆ పూలు చూస్తే చుట్టూ నిజం తోట ఉన్నట్టే ఉండేదనీ రాశాడు. బయట ఎండని తట్టుకునే మోటు పొర, లోపల కంటికి హాయిగా ఉండే ముదురు పూల పొర. మనకి కావలసిన ఏర్పాటు అదే. అంత దూరం పోయిన నీడ గుడ్డ మన బందరుది. కరక్కాయలో నానబెట్టి, పటిక పట్టించి, చిరువేరు ఎరుపులో ఉడికించి, తుప్పు ఇనుమూ బెల్లమూ పులియబెట్టి తీసిన నలుపు అద్దిన గుడ్డ. పెడనలో ఇప్పటికీ అచ్చులతో అద్దుతూనే ఉన్నారు. రోజూ కూలికి పోయే పడవకి ఆ అస్తరు నిలవదు, కడిగి ఆరేసే తీరిక ఉండదు. కానీ సుబ్రహ్మణ్య షష్ఠికి మన గుడికి వచ్చే చుట్టాలు లంక చూస్తామంటారు చూడు, ఆ రోజుల్లో కట్టడానికి పెడన నుంచి ఆరు గజాలు తెప్పిస్తాను. వాటికి నాలుగు నాడాలు వేస్తే సరి. ఈ ఒక్కటీ అక్కరకి కాదు, నా ఇష్టానికి.

కాబట్టి నువ్వు తేవలసింది: 60 అంగుళాల పన్నా యాక్రిలిక్, నాలుగున్నర గజాలు. పందిరి 12 అడుగులు, మిగతాది మడతలకీ ఒరిపిడి పట్టే చోట పొరలకీ. రంగు ఇటుక ఎరుపు. పచ్చటి ఒడ్డు ముందు దూరం నుంచి కనపడుతుంది, ఎదురొచ్చే పడవవాడికి తెలుస్తుంది. ఎరుపు దొరక్కపోతే ముదురు గోధుమ. నలుపు, తెలుపు వద్దు. అదే రంగు పాలియెస్టర్ దారం 92 నంబరుది, పెద్ద కండె ఒకటి. మిగతావన్నీ ఇక్కడ దొరుకుతాయి, ఇంకేమీ మొయ్యకు. దసరాకి గుడ్డ చేతికొస్తే కార్తీకంలో కుట్టు పూర్తవుతుంది. చలికాలం గాలులకి కట్టి చూసుకుని, లోపాలు సరిచేసుకుని, చైత్రం నాటికి రేవులో సిద్ధంగా ఉంచుతాం.

డబ్బు సంగతి ఒకటి. నువ్వు మొత్తం నేనే పెట్టుకుంటానన్నావు, ఆ మాట రేవులో చెప్పాను. ఆడవాళ్ళు ఒప్పుకోలేదు. తలా ఇంత వేసుకుని సగం మేమే ఇస్తాం అన్నారు. తమ డబ్బు పడితేనే చిరిగినప్పుడు అడిగే హక్కు ఉంటుందట. వాళ్ళ మాట నాకు నచ్చింది. కాదనకు. బిల్లు దాచి తీసుకురా, ఎంతో రాసి పంపితే ఇప్పటినుంచే కూడబెడతారు.

కొలతల కాగితం ఇందులోనే పెట్టాను.

నీ,
మోపిదేవి మాస్టారు